టౌన్లో పనున్నవాళ్ళు

ఫారాల పిన్నికి ఒక చెడ్డ అలవాటుంది. ఇతరుల కాగితాలు చదువుతుంది.

చదవక ఏం చేస్తుంది పాపం! ఊరి పంచాయతీ ఆఫీసుకు ఎదురుగా ఆవిడది జిరాక్స్ షాపు. ఎనిమిదడుగుల గది, ఒక మెషిను, ఒక స్టూలు, మేకుకు వేలాడే కత్తెర. ఆ మెషిను వేడెక్కడానికి రెండు నిమిషాలు తీసుకుంటుంది. ఆ రెండు నిమిషాలూ కాగితం చేతిలోనే ఉంటుంది, కళ్ళేమో తెరిచే ఉంటాయి. అలా ఊళ్ళో ఎవరికి షుగరుంది, ఎవరి పొలం ఎవరి పేరు మీదుంది, ఎవరి పెళ్ళినాటి వయసు నిజానికి ఎంత అన్నవన్నీ ఆవిడకు తెలుసు. తెలిసినా నోరు విప్పదు కాబట్టి ఊరు ఊరుకుంది.

నోరు విప్పింది ఒకే ఒక్కసారి. పద్నాలుగేళ్ళ కిందటి మాట. టైలరు ఏదో సాయం కోసం దరఖాస్తు రాసుకుని కాపీకి తెచ్చాడు. ఆయనకు ఒక కాలు సరిగా ఆడదు, కాలుతో తొక్కే మిషను మీద పని సాగడం లేదు. ‘మీరు ఏం చేస్తుంటారు?’ అన్న చోట ఆయన ‘ఏమీ చేయడం లేదు, ఊరికే కూర్చున్నాను’ అని రాశాడు.

“అయ్యో అన్నయ్యా, ఇలా రాస్తే ఎవరిస్తారు?” అనేసింది పిన్ని. అని నాలుక్కరుచుకుంది.

“నా కాగితం నువ్వెందుకు చదివావమ్మా?” అని టైలరు కాగితం లాక్కుని చరచరా వెళ్ళిపోయాడు. పది అడుగులు వేశాడు, ఆగాడు, వెనక్కొచ్చాడు. “సరే, చదివావు కదా. ఎలా రాయాలో కూడా నువ్వే చెప్పు.”

‘ఇరవై రెండేళ్ళుగా టైలరును. కాలు మొరాయిస్తోంది, చేతులు బాగానే ఉన్నాయి. మోటారు మిషను ఉంటే రోజుకు నాలుగు చొక్కాలు కుట్టగలను’ అని రాయించింది. పక్క టౌన్లో కలప వర్తకుల సంఘం వాళ్ళకు ఒక చిన్న నిధి ఉందనీ, దాన్ని మూడేళ్ళుగా ఎవరూ అడగలేదనీ కూడా ఆవిడే చెప్పింది. అది కూడా మరొకరి కాగితంలో చదివిందేలెండి. రెండు నెలలకు మోటారు మిషను వచ్చింది. ఆ రోజు నుంచి ఊరు ఆవిడ అసలు పేరు మరిచిపోయింది, అందరి దరఖాస్తు ఫారాలూ నింపే ఫారాల పిన్ని అయిపోయింది. తనకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు. మొదట్లో ఉడుక్కునేది, తర్వాత అలవాటు పడింది.

నిధుల విషయంలో పిన్నికి ఒక సొంత సిద్ధాంతం ఉంది. “పెద్ద సంస్థల దగ్గర పదివేలమంది క్యూ కట్టి ఉంటారు. మనం వెళ్తే తోకలో తోక. అదే దగ్గర్లో చిన్న నిధి అనుకో, ఇచ్చేవాడు ఒక్కడూ కూర్చుని ఈగలు తోలుకుంటుంటాడు. అడిగేవాళ్ళు రాక వాడికీ దిగులే కదా పాపం!” అందుకని ఆవిడ పేపరు చదివితే చివరి పేజీలో అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉండే ప్రకటనల నుంచి మొదలుపెడుతుంది. ఫలానా కుటుంబం తమ తాతగారి పేరిట పెట్టిన ట్రస్టు, ఫలానా ఫ్యాక్టరీ సంక్షేమ నిధి, ఫలానా కాలేజీ పాత విద్యార్థుల సంఘం... ఎవరు ఇస్తారు, ఏ నెలలో ఇస్తారు, ఒక్క మనిషికిస్తారా, ఊరందరి పనికిస్తారా అన్నవి ఆవిడకు కొట్టిన పిండి. బడి గదికి పైకప్పు, నర్సు కోర్సుకు ఫీజు, ఒకావిడకు తేనె పెట్టెలు, ఆటల మైదానానికి కంచె అన్నీ అలా వచ్చినవే.

పొరపాట్లు లేవా అంటే, ఉన్నాయి. తేనె పెట్టెల దరఖాస్తు మొదటిసారి తొందరలో కళ్ళ జబ్బుల నిధి కవరులో పెట్టేసింది. వాళ్ళు ఏమర్థం చేసుకున్నారో ఏమో, ఆరు జతల కళ్ళజోళ్ళు పంపారు. వెనక్కి పంపుదామంటే అప్పటికే ఆరుగురు పెట్టుకుని తిరుగుతున్నారు.

ఇంతకీ అసలు కథ వ్యానుది.

ఊళ్ళో ముగ్గురికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, టౌను ఆసుపత్రిలో డయాలసిస్. ఆ ముగ్గురిలో పెద్దాయన హెడ్మాస్టారు. రిటైరై పన్నెండేళ్ళయింది. సగం ఊరికి చదువు చెప్పారు, మిగతా సగానికి చెవులు మెలిపెట్టారు. పిన్నికి రెండూ జరిగాయి.

బస్సులో వెళ్ళాలంటే రెండుచోట్ల మారాలి. వెళ్ళేటప్పుడు ఎలాగో వెళ్ళొచ్చు. తిరుగు ప్రయాణంలో, ఒంట్లో రక్తమంతా మెషిన్లోకి వెళ్ళొచ్చిన మనిషి బస్టాండులో నిలబడలేడు. పాల సొసైటీ వాళ్ళ పాత వ్యాను ఒకటి ఉండేది, అందులో తీసుకెళ్ళేవారు. అది ఏడు నెలల కిందట దారి మధ్యలో పొగ వదిలి ప్రాణం కూడా వదిలింది.

అప్పటి నుంచీ ఊరివాళ్ళే తలా ఒక రోజు తీసుకెళ్తున్నారు. వెల్డరు తన చిన్న ట్రక్కులో, టైలరు తన పాత కారులో తమ్ముణ్ణి నడపమని పక్కన తాను కూర్చుని, కిరాణా కొట్టావిడ తన సరుకుల బండిలో. సెలూను ఆయనకు బండి లేదు గానీ డ్రైవింగు వచ్చు, ఎవరి బండి ఖాళీగా ఉంటే దాన్ని నడుపుతాడు. పొద్దున ఏడింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి మూడు దాటుతుంది.

కానీ ఎన్నాళ్ళని! ఈ ప్రయాణాలతో పనులు పోగొట్టుకున్న వెల్డరు ట్రక్కు అమ్మేయాలని చూస్తున్నాడు. టైలరు కారు గేరు మారిస్తే ఏడుస్తోంది. ఒక శుక్రవారం ఎవరికీ కుదరక ప్రయాణం తప్పిపోతే, సోమవారానికి మాస్టారి కాళ్ళు రెండూ వాచి, ఊపిరాడక, మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వ్యాను రావాలి. రాకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

పిన్ని వెతికింది. రెండు నెలలు వెతికింది. చివరికి పాత ఇనుము వ్యాపారం చేసిన ఒక కుటుంబం పెట్టిన నిధి దొరికింది. పల్లెల్లో ఆరోగ్యానికి సాయం చేస్తారు, వ్యాను కొనిస్తారు, ఏడాది డ్రైవరు జీతం కూడా ఇస్తారు. ఒకటే షరతు. ఊరు కూడా తన వంతు చేసి ఉండాలి. డబ్బు అక్కర్లేదు. ఎవరెవరు ఎన్ని గంటలు ఊరికే శ్రమ పడ్డారో రాసి చూపిస్తే చాలు.

పిన్ని ఎగిరి గంతేసింది. మన ఊళ్ళో లేనిది డబ్బు, ఉన్నది శ్రమ! ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసింది. పేరు, తేదీ, ఎన్ని గంటలు. దాన్ని షాపు బల్ల మీద అంటించి, పక్కన పురికొసకు పెన్ను కట్టింది. “ఎవరిది వాళ్ళు రాసుకోండి” అని అందరికీ చెప్పింది.

రెండు వారాలు గడిచాయి. అందరూ వచ్చారు, వంగి రాశారు, వెళ్ళారు. చివరి రోజున పిన్ని ఆ కాగితాన్ని ఊడదీసి, బోర్లా తిప్పి, మడిచి, కవరులో పెట్టింది. ప్రపంచంలోని కాగితాలన్నీ చదివే మనిషి ఆ ఒక్కటి చదవలేదు. మనుషుల మంచితనాన్ని తనిఖీ చేసినట్టుంటుందని మొహమాటపడింది. ఆవిడ జీవితంలో మొహమాటపడ్డది అదొక్కసారే, అది కూడా పడకూడని చోట!

నెల తిరిగాక ఒక సోమవారం నిధి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడినావిడ మర్యాదస్తురాలు.

“దరఖాస్తు చాలా బాగా రాశారండీ. చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ ఒక్క సందేహం.”

“చెప్పండి మేడమ్.”

“ఏడు నెలల్లో మీ ఊరు మొత్తం కలిసి చేసింది పదకొండు గంటలేనా?”

పిన్ని చెవి దగ్గర్నుంచి ఫోను తీసి చూసి మళ్ళీ పెట్టుకుంది. “ఎంతండీ?”

“పదకొండు. మీరు పంపిన కాగితమే చదువుతున్నాను. వెల్డరు గారు, ‘రెండు గంటలు. నాకెలాగూ టౌన్లో పనుంది.’ సెలూను ఆయన, ‘గంట. బ్లేళ్ళు కొనడానికి వెళ్ళాను, పన్లో పని.’ టైలరు గారు, ‘నాలుగు. అయినా నేనేం చేశాను? నడిపింది మా తమ్ముడు.’ తమ్ముడు గారు, ‘నాలుగు. అయినా కారు మా అన్నయ్యది.’ కిరాణా ఆవిడ...” ఆవిడ నవ్వాపుకుంటున్నట్టుంది. “ఒక గీత గీసి వదిలేశారు.”

పిన్ని గుండె జారి చెప్పుల్లో పడింది.

“గురువారం సాయంత్రం మా కమిటీ కూర్చుంటుంది. సరైన లెక్క ఉంటే ఆలోగా పంపండి. అన్నట్టు, ప్రతి మనిషి పక్కనా ‘ధ్రువీకరించినవారు’ అని ఒక గడి ఉండాలి. చేసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు సంతకం చేయాలి. రోగుల తరఫున కూడా ఒకరు.”

ఫోను పెట్టేసి పిన్ని నేరుగా వెల్డింగు షెడ్డుకు వెళ్ళింది. వెల్డరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

“ఏమయ్యా, రెండు గంటలా? నీ ట్రక్కు మీద రాకెట్టేమైనా కట్టుకుని వెళ్ళొచ్చావా?”

వెల్డరు చేతిలోని రాడ్డు పక్కన పెట్టాడు. “పిన్నీ, ఆ కాగితం ఎక్కడ పెట్టావు నువ్వు?”

“నా షాపు బల్ల మీద.”

“మాస్టారు ప్రతి బుధవారం తన రిపోర్టులు కాపీ తీయించుకోడానికి ఎక్కడికొస్తారు?”

పిన్ని నుదురు కొట్టుకుంది.

“ఇన్నాళ్ళుగా ఆయనకు ఏం చెప్తున్నామో నీకు తెలీదా? ‘మాస్టారూ, నాకు టౌన్లో పనుంది, ఎక్కండి, ఒంటరిగా పోలేక పిలుస్తున్నా’ అంటాం. లేకపోతే ఆయన ఎక్కుతారా? ఆయన సంగతి నీకు తెలీదూ? ఒకళ్ళకి బరువయ్యానని తెలిస్తే ఆసుపత్రే మానేస్తారు. ఇప్పుడు ఆయన కళ్ళెదురుగా నూట ఇరవై గంటలని ఎలా రాయను?”

పిన్ని అక్కడున్న ఇనప గొట్టం మీద కూలబడింది. ఊరంతా కలిసి ఒకే అబద్ధం ఆడింది, ఎవరూ కూడబలుక్కోకుండానే. ఆ అబద్ధాన్ని రాసి పెట్టమని బల్ల మీద కాగితం అంటించిన తెలివైనది తాను!

“సరే. నీ గంటలు నువ్వు చెప్పకు” అంది. “సెలూను ఆయనవి చెప్పు.”

“ఆయనా?” వెల్డరు మొహం వెలిగింది. “ఆయన శుక్రవారం షాపు మూసేస్తాడు పిన్నీ! గిరాకీ ఉండే రోజు అది. నాకు తెలిసి పద్నాలుగు సార్లు వెళ్ళాడు. వచ్చేటప్పుడు మాస్టారి తల కుదుపులకు కొట్టుకోకుండా తన తువాలు మడిచి పెడతాడు. రాసుకో, రాసుకో!”

ఆ ఒక్క మాటతో తాళం చెవి దొరికింది. తన గురించి అడిగితే ప్రతివాడూ మూగవాడే, పక్కవాడి గురించి అడిగితే వరద. సెలూను ఆయన గడ్డం గీస్తున్న కత్తిని గాల్లోనే ఆపి వెల్డరు పోగొట్టుకున్న గేట్ల పనులు ఒక్కొక్కటే చెప్పాడు. సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి కూడా కుర్చీలోంచి రెండు తేదీలు సరిదిద్దాడు. టైలరు తమ్ముడు అన్నయ్యవి చెప్పాడు, అన్నయ్య తమ్ముడివి చెప్పాడు.

చిక్కంతా కిరాణా కొట్టావిడ దగ్గర వచ్చింది. ఆవిడ ప్రయాణాలు ఎక్కువగా తెలిసింది టైలరుకే, ఇళ్ళు ఆనుకుని ఉన్నాయి కాబట్టి. ఆ ఆనుకున్న గోడ దగ్గరి మురుగు కాలవ గురించే ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.

“ఆవిడ ఊసు నా దగ్గర ఎత్తకు” అన్నాడు టైలరు, సూదిలో దారం ఎక్కిస్తూ.

“ఎత్తను అన్నయ్యా. సున్నా అని రాస్తాను.”

సూది ఆగింది. “సున్నా ఏంటి సున్నా? పొద్దున్నే ఆరింటికి ఆ బండి స్టార్టు చేసి నా నిద్ర పాడు చేస్తుంది. మంగళవారం మంగళవారం! ముగ్గురికీ ఫ్లాస్కులో కాఫీ పోస్తుంది, మాస్టారికి పంచదార లేకుండా విడిగా. ఆ చప్పుళ్ళన్నీ నేను వినాలి. పదిహేడు వారాలు విన్నాను. సున్నా అట, సున్నా!”

“అయితే సంతకం పెట్టు.”

టైలరు కాగితం వంక, గోడ వంక చూశాడు. “కాలవ సంగతి కూడా రాయొచ్చా?”

“ఆ గడి లేదు అన్నయ్యా.”

పెట్టాడు. సాయంత్రానికి ఈ సంగతి గోడ దాటి అవతలికి వెళ్ళింది. కిరాణా ఆవిడ పిన్నిని కొట్లోకి పిలిచి, “పిన్నీ, ఆయన నిజంగా వారాలు లెక్కపెట్టాడా?” అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత టైలరు గంటల దగ్గర అడక్కుండానే సంతకం చేసింది, కాస్త పెద్ద అక్షరాలతో.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర పిన్ని భర్త ఆ కాగితం మీద వేలు నడిపిస్తూ కూర్చున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ జాబితా చూసినా తలలు లెక్కపెడతాడు.

“ఏమోయ్, ఒకళ్ళు తగ్గారు.”

“ఎవరు?”

“నువ్వే.”

“నేనేం చేశానండీ? కూర్చుని నాలుగు కాగితాలు నింపాను.”

ఆయన గట్టిగా నవ్వాడు. “రెండ్రోజులుగా ఊళ్ళో అందర్నీ తిడుతున్నావు కదా, ‘నేనేం చేశాను’ అంటున్నారని! నువ్వు మటుకు ఏ ఊరి మనిషివి?” అని పెన్ను తీసుకున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెడితే పక్కకు నెట్టాడు. ఎన్ని సాయంత్రాలు వంట ఆలస్యమైందో తనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆవిడకు కోపం రావాలి. రాలేదు. చారు గిన్నె ఆయన వైపు జరిపింది.

గురువారం పొద్దున మిగిలింది రోగుల తరఫు సంతకం. మిగతా ఇద్దరిలో ఒకావిడకు ఒంట్లో బాగాలేదు, ఇంకొకాయన కూతురింటికి వెళ్ళాడు. ఇక మాస్టారే.

పిన్ని ఒక ఎత్తు వేసింది. కాగితం పైభాగాన్ని ఇంకో తెల్లకాగితంతో కప్పి, క్లిప్పులు పెట్టి, సంతకం చేసే గడి ఒక్కటే కనిపించేలా చేసింది. మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. కాళ్ళ కింద ముక్కాలిపీట, ఒళ్ళో పేపరు.

“ఇక్కడొక సంతకం మాస్టారూ. వ్యాను గురించి. మామూలుదే.”

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. (ఆ ఆరు జతల్లో ఒకటి.) “ఎనిమిదో తరగతిలో కూడా నువ్వు ప్రోగ్రెస్ రిపోర్టు మీద ఇలాగే కాగితం కప్పి మీ నాన్న సంతకం తెచ్చావమ్మా.”

పిన్నికి యాభై రెండేళ్ళ వయసులో చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు క్లిప్పులు ఒక్కొక్కటే తీశారు. చదివారు. నెమ్మదిగా, మార్కులు వేసే మనిషి చదివినట్టు, ఒక్కో వరుసకూ వేలు ఆనించి. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని క్లిప్పులు ఏరుకుంటూ అనుకుంది. ఈయనకు తెలిసిపోయింది, రేపటి శుక్రవారం బండి ఎక్కరు, వ్యాను వచ్చినా ఎక్కరు, అంతా తన చేతులారా చేసింది!

“వెల్డరు ఏడు నెలల్లో కొన్నానన్న డ్రిల్లు బిట్లతో ఈపాటికి కొండ తొలిచేయొచ్చు” అన్నారు మాస్టారు. “సెలూను వాడు కొన్న బ్లేళ్ళకు ఊళ్ళో అందరికీ గుండ్లు చేయొచ్చు. నేను లెక్కల మాస్టర్నమ్మా. ఆ మాత్రం కూడిక రాదనుకున్నారా?”

“మరి... మీకు ముందే...”

“రెండో వారానికే తెలిసింది.” ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. “తెలిసిందని చెప్తే పాపం వాళ్ళు సిగ్గుపడతారు. మంచిపని చేస్తూ దొరికిపోతే మనవాళ్ళకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకని బండి ఎక్కగానే కళ్ళు మూసుకుంటాను. నిద్ర కాదమ్మా. నేను మెలకువగా ఉంటే వాళ్ళు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి కదా.”

గుమ్మంలో ఆయన భార్య, “నాతో కూడా అనలేదు చూడు” అంది, ఎవరితోనో చెప్తున్నట్టు.

మాస్టారు సంతకం చేశారు. చేసి, పెన్ను వెనక్కివ్వకుండా, ఖాళీ మార్జిన్లో ఇంకో మాట రాశారు. పిన్ని తలకిందులుగానే చదివేసింది. అలవాటు కదా. ‘పై గంటలన్నీ నిజం. ఇంకా తక్కువే వేశారు. నేను బతికి ఉన్న వారాలు ఇందులో కలపలేదు.’

ఆ కాగితాన్ని షాపులో స్కాను చేసేటప్పుడు మెషిను అద్దం మీద నీటి చుక్క పడి ఒక కాపీ పాడైంది. రెండోది పంపింది. ఆరువందల పన్నెండు గంటలు.

పన్నెండు రోజుల తర్వాత, ఒక మంగళవారం, ఉత్తరం వచ్చింది. పిన్ని షాపుకు తాళం వేసి, కవరు చింపకుండా మాస్టారింటికి వెళ్ళింది. దారిలో వెల్డరు చూసి వెంటబడ్డాడు, సెలూను ఆయన తువాలు భుజాన వేసుకుని వచ్చాడు, కిరాణా ఆవిడా టైలరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే గుమ్మంలోంచి లోపలికొచ్చారు. అది డయాలసిస్ అయిన రోజు, మాస్టారు మంచం మీద నీరసంగా పడుకుని ఉన్నారు.

పిన్ని నిలబడి చదివింది. వ్యాను మంజూరు. ఏడాది డ్రైవరు జీతం. ముగ్గురికే కాదు, చుట్టుపక్కల అవసరమున్న ఎవరినైనా తీసుకెళ్ళొచ్చు. చివర నిధి ఆఫీసు ఆవిడ సొంత చేత్తో రెండు మాటలు రాసింది. ‘మా కమిటీలో ఈ కాగితం అందరూ రెండేసి సార్లు చదివారు. ఇంతమంది ఒకరి గురించి ఒకరు సంతకం పెట్టిన దరఖాస్తు మాకు ఇదే మొదటిది.’

వెల్డరు గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు. అది పోయిన నెలది.

“ఇంకోసారి చదువమ్మా” అన్నారు మాస్టారు. “ఫ్యాను చప్పుడుకి సరిగా వినపడలేదు.”

ఆయన భార్య లేచి ఫ్యాను ఆపింది. పిన్ని మళ్ళీ మొదటి నుంచీ చదివింది. ఈసారి మాస్టారు కళ్ళు మూసుకోలేదు. మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తూ విన్నారు. చూపు తన మీదికి వచ్చినప్పుడు ఎవరూ తల తిప్పుకోలేదు.